ఎర్ర దీపం వెలిగితే ఫోన్ చెయ్యాలి

మా నాన్న హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. ముప్పై నాలుగేళ్ల సర్వీసు, గోదావరి జిల్లాల్లో తొమ్మిది స్టేషన్లు, రెండు సస్పెన్షన్లు (రెండూ తర్వాత కొట్టేశారు, ఆ ముక్క రాయకపోతే ఊరుకోడు). పోయిన వేసవిలో అమ్మా నాన్నా మా దగ్గరికి, కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌కి, వచ్చారు. అమ్మ రెండు వారాల్లో మా అపార్ట్‌మెంట్లలో ఉన్న తెలుగువాళ్లందరి గోత్రాలూ కనుక్కుంది. నాన్నకి మాత్రం తోచి చావదు. గోల్డెన్ గేట్ చూపిస్తే "చలిగా ఉంది" అన్నాడు. రోడ్డు మీద పోలీసు కారు కనబడితే మాత్రం అది మలుపు తిరిగేదాకా మెడ తిప్పి చూసేవాడు. "బండిలో ఒక్కడే ఉన్నాడేంటమ్మా, తోడు ఎవరూ లేరా?" అని ఆయన దిగులు.

నేను బర్క్‌లీలో ఎమ్మెస్ చేసిన రెండేళ్లూ పక్కనే ఉన్న టిల్డెన్ పార్కు కొండలు తెగ ఎక్కేదాన్ని. అక్కడ అన్నిటికంటే ఎత్తయిన శిఖరాన్ని వోల్మర్ పీక్ అంటారు, సుమారు 1,900 అడుగులు. ఎవరో భూస్వామి పేరనుకున్నా చాలాకాలం. ఆయన ఆ ఊరి మొదటి పోలీస్ చీఫ్ అని తర్వాతెప్పుడో తెలిసింది, తెలిశాక చదవడం మొదలుపెడితే ఒక పట్టాన ఆగలేదు. సరే, పోలీసాయన పేరు పెట్టిన కొండ ఒకటుంది, చూస్తావా నాన్నా అని అడిగాను. వెంటనే చెప్పులేసుకుని, "ఏ ర్యాంకాయన?" అన్నాడు.

"ముందు పోస్ట్‌మ్యాన్" అన్నాను.

అది జోకు కాదు. ఆగస్ట్ వోల్మర్ 1876లో న్యూ ఆర్లీన్స్‌లో పుట్టాడు, తల్లిదండ్రులు జర్మనీ నుంచి వచ్చినవాళ్లు. చదువు చిన్నప్పుడే ఆగిపోయింది. బర్క్‌లీకి వచ్చి షాటక్ రోడ్డూ వైన్ వీధీ కలిసేచోట బొగ్గూ, పశువుల దాణా అమ్మే కొట్టు పెట్టాడు. 1898లో స్పెయిన్‌తో యుద్ధమొస్తే సైన్యంలో చేరి ఫిలిప్పీన్స్ వెళ్లాడు, అక్కడి నదుల్లో గస్తీ పడవల మీద తిరిగాడు, తిరిగొచ్చి ఇళ్లకి ఉత్తరాలు పంచే ఉద్యోగంలో చేరాడు. 1904లో ఒకరోజు ఉత్తరాలు పంచుతూ ఉండగా సరుకు నింపిన రైలు పెట్టె ఒకటి కొక్కెం ఊడి షాటక్ మీద పల్లానికి దొర్లుకుంటూ పోతోంది, దాని దారిలో ముందు స్టేషన్లో జనంతో నిండిన రైలు ఆగి ఉంది. ఈయన పరిగెత్తి దాని మీదికి ఎగిరి బ్రేకు తిప్పి ఆపాడు. ఊరంతా మారుమోగింది. స్థానిక పత్రిక ఎడిటర్ రిచర్డ్‌సన్ పట్టుబట్టి ఆయన్ని టౌన్ మార్షల్ పదవికి నిలబెట్టాడు (ఈ రిచర్డ్‌సనే తర్వాత కాలిఫోర్నియా గవర్నరయ్యాడు). 1905 ఏప్రిల్‌లో భారీ మెజారిటీతో గెలిచాడు.

"ఆగాగు, పోలీసుకి ఎలక్షనేంటి?" అన్నాడు నాన్న. నిజమే, మనకి అది వింతే. మన పోలీసు వ్యవస్థ 1861 చట్టంతో పైనుంచి దిగింది, తెల్లదొర ఎస్పీ దగ్గర మొదలై కిందకి. అక్కడ మార్షల్ అంటే సర్పంచి లాంటివాడు, ఊరివాళ్లు ఓటేసి పెట్టుకున్న మనిషి, మళ్లీ ఎన్నికొస్తే పోయే మనిషి. 1909లో ఊరికి కొత్త చార్టర్ వచ్చాక ఆ పదవి తీసేసి పోలీస్ చీఫ్ అని పెట్టారు, వోల్మర్‌నే కూర్చోబెట్టారు, 1932 దాకా ఆయనే. మధ్యలో 1923-24లో ఒక ఏడాది లాస్ ఏంజెలెస్ పోలీసుల్ని బాగుచెయ్యమని పిలిస్తే వెళ్లాడు. బాగుపడటం ఇష్టంలేని వాళ్లు ఆయన పేరు మీద జోకేశారు: సెప్టెంబర్ ఒకటి వస్తే ఆగస్ట్‌కి ఆఖరు, అని. అన్నట్టే ఏడాది తిరిగేసరికి వెనక్కొచ్చేశాడు.

ఇంకో అంకె చెప్తే ఆ ఊరెలా ఉండేదో తెలుస్తుంది. 1900 జనాభా లెక్కల్లో బర్క్‌లీ జనం 13,214. 1910లో 40,434. మధ్యలో జరిగింది 1906 ఏప్రిల్ 18 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం. అటు ఊరు తగలబడుతుంటే వేలమంది పడవలెక్కి ఇటు వచ్చిపడ్డారు. పోలీసులేమో వేళ్ల మీద లెక్కపెట్టే అంతమంది. మా నాన్న 1986 గోదావరి వరదల్లో బందోబస్తు చేశాడు కాబట్టి ఇది ఆయనకి విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. ఆ రోజు వోల్మర్ పాత సైనికుల్నీ ఊళ్లో కుర్రాళ్లనీ పోగేసి చేతికి బ్యాడ్జీలిచ్చి కాపలా పెట్టాడు.

కొండ ఎక్కే దారి పిల్లల ఆవిరి రైలు తిరిగేచోట మొదలవుతుంది. పెద్ద ఎక్కుడేం కాదు. నేను దారిపొడవునా చెప్తూనే ఉన్నా, నాన్న ఊ కొడుతూనే ఉన్నాడు, సైకిళ్ల దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు.

వోల్మర్ వచ్చిన కొత్తలో చేసిన మొదటి పనుల్లో ఒకటి, కానిస్టేబుళ్లందరికీ సైకిళ్లు. కాలినడకన బీటు తిరిగేవాడు ఒక వీధిలో ఉంటే దొంగ పక్క వీధిలో ఉంటాడు, సైకిలైతే మూడింతలు తిరగొచ్చు, చప్పుడు కూడా ఉండదు. మిగతా ఊళ్లవాళ్లు నవ్వారు. తర్వాత మోటార్ సైకిళ్లు, 1914 ప్రాంతానికి కార్లు. అమెరికాలో బీటు పోలీసులందరినీ కార్లెక్కించిన తొలి ఊళ్లలో ఇది ఒకటి. ఆ కార్లు కూడా చాలావరకు పోలీసుల సొంతవే, నెలకింతని అలవెన్స్ ఇచ్చేవారు.

"మాకు సైకిల్ అలవెన్సుండేది" అన్నాడు నాన్న. ఎంతో చెప్పలేదు, చెప్పడానికి సిగ్గేసే అంతే అయ్యుంటుంది. ఆ సైకిల్ నాకు బాగా గుర్తు. ఆకుపచ్చది, వెనక క్యారేజీకి లాఠీ దూర్చుకోడానికి రెండు లెదరు బెల్టులు, సీటు కింద గుడ్డ సంచిలో బీటు పుస్తకం. రాత్రి రెండింటికి బ్యాంకు దగ్గర వాచ్‌మన్ చేత, తెల్లారుజామున రైస్ మిల్లు దగ్గర ఇంకెవరి చేతో అందులో సంతకం పెట్టించుకోవాలి. వర్షమొస్తే ఆ పుస్తకాన్ని చొక్కా లోపల, బనీను పైన పెట్టుకుని వచ్చేవాడు, తను తడిసినా అది తడవకూడదు. ఇంట్లో పొయ్యి పక్కన మొదట ఆరేది ఆ పుస్తకమే.

తిరిగేవాడిని స్టేషన్ ఎలా పిలవాలి? ఆ రోజుల్లో వైర్‌లెస్ లేదు. వోల్మర్ ముఖ్యమైన కూడళ్లలో తీగలు లాగి నడిరోడ్డు పైన ఎర్ర దీపాలు వేలాడదీయించాడు. స్టేషన్లో మీట నొక్కితే దీపం వెలిగి ఆరుతుంది, అది చూసిన బీటు కానిస్టేబుల్ దగ్గర్లో ఉన్న ఫోన్ డబ్బా దగ్గరికెళ్లి స్టేషన్‌కి ఫోన్ చెయ్యాలి. అంతే. ఇప్పుడు వింటే పిల్లలాటలా ఉంటుంది గానీ, ఒక ఇంట్లో దొంగపడ్డాడని కబురొస్తే అయిదారు నిమిషాల్లో మనిషి అక్కడికి చేరడమన్నది ఆ దీపాలతోనే మొదలైంది. నాన్న దీని గురించి అప్పుడేం మాట్లాడలేదు. బుర్రలో పెట్టుకున్నాడని సాయంత్రం తెలిసింది.

1907లో ఒక కేసు. ఒకతను విషం తీసుకుని చనిపోయాడు, ఆత్మహత్య అన్నారు. వోల్మర్‌కి అనుమానమొచ్చి యూనివర్సిటీలో జాక్ లోబ్ అనే ప్రొఫెసర్ని అడిగాడు. ఆయన పరీక్షించి ఇది హత్యే కావచ్చన్నాడు, కోర్టు మాత్రం ఒప్పుకోలేదు. కేసు పోయింది కానీ ఆ ప్రొఫెసర్ పోతూ పోతూ, హాన్స్ గ్రాస్ అనే ఆస్ట్రియా న్యాయమూర్తి నేర పరిశోధన మీద రాసినవి చదువుకోమన్నాడు. అదే మలుపు. ఆరో క్లాసు దాటని మనిషి పుస్తకాల మీద పడ్డాడు, మర్నాడు పొద్దున తను చదివింది స్టేషన్లో అందరికీ చెప్పేవాడు. 1908లో స్టేషన్లోనే పోలీసు బడి మొదలుపెట్టాడు, ప్రొఫెసర్లు వచ్చి పాఠం చెప్పేవారు, డ్యూటీ దిగినవాడు నిద్రమొహంతోనే వచ్చి కూర్చోవాలి. ఇంగ్లండులో ఆచర్లీ అనే అధికారి రూపొందించిన పద్ధతి తెప్పించుకుని నేరం చేసే తీరుని బట్టి దొంగల్ని వర్గాలుగా రాసిపెట్టించాడు.

"ఎంఓ" అన్నాడు నాన్న ఠక్కున. అవును, ఎంఓ, మోడస్ ఆపరెండై, నేరం చేసే తీరు. మా ఇంట్లో నేను అక్షరాలు నేర్చుకునే వయసుకే విన్న మాట అది. "ఎంఓ చూస్తే ఫలానా వాడిదే" అనేవాడు అన్నం తింటూ. పెంకులు తీసి దిగేవాడు ఎప్పుడూ పెంకులే తీస్తాడు, కిటికీ ఊచ వంచేవాడు తలుపు జోలికి పోడు. కేడీ కూడా అలాంటి స్టేషన్ మాటే. తిట్టు అనుకుంటాం కానీ అది రిజిస్టరులో నోన్ డెప్రెడేటర్, అంటే పోలీసులకి తెలిసిన పాత దొంగ, అని రాసేదానికి పొట్టి పేరు. వేలిముద్రల సంగతి మాత్రం తిరగేసి మన దగ్గర్నుంచే పోయింది: అమెరికా అంతా వాడిన హెన్రీ పద్ధతి 1897లో కలకత్తా బ్యూరోలో రూపుదిద్దుకున్నదే, లెక్కలన్నీ కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబిన్‌స్పెక్టర్లు, పేరు మాత్రం దొరది. ఇది చెప్తే నాన్న "ఎప్పుడూ అంతేగా" అని ఒక రాయి మీద కూర్చుని నీళ్లు తాగాడు.

నాకు అన్నిటికంటే నచ్చేది మనుషుల్ని తీసుకున్న తీరు. వోల్మర్ కాలేజీ కుర్రాళ్లని పోలీసుల్లోకి రమ్మని ప్రకటనలిచ్చాడు. "కాలేజీ పోలీసులు" అని పాతకాపులు ఎక్కిరించారు. 1919లో వాల్టర్ గోర్డన్‌ని తీసుకున్నాడు. నల్లజాతి యువకుడు, యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టార్, లా చదువుతున్నాడు. స్టేషన్లో కొందరు తెల్ల పోలీసులు మేం అతనితో కలిసి పని చెయ్యం అన్నారు. అయితే వెళ్తూ వెళ్తూ బ్యాడ్జీలు అక్కడ పెట్టి పొండి అన్నాడట చీఫ్. ఎవరూ పెట్టలేదు. గోర్డన్ రాత్రి బీటు, పగలు క్లాసులు, మధ్యలో ఫుట్‌బాల్ కోచింగ్. 1922లో లా పట్టా పుచ్చుకున్నాడు, తర్వాత వర్జిన్ ఐలాండ్స్‌కి గవర్నరూ అక్కడే ఫెడరల్ జడ్జీ అయ్యాడు. కానిస్టేబుల్‌గా చేరినవాడు జడ్జి అవడం గురించి నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఆయన డిగ్రీ సెకండియర్లో మానేసి చేరాడు, సర్వీసులో ఉండగా ప్రైవేటుగా కడతానని రెండుసార్లు ఫీజు కట్టాడు. రెండుసార్లూ పరీక్షల టైముకి ఏదో బందోబస్తు పడింది.

ఇంకొకటి, శుక్రవారం మీటింగ్. వారానికోసారి అందరూ కూర్చుంటారు, చీఫ్‌తో సహా. ఎవరికి ఎవరి మీద ఏ ఫిర్యాదున్నా అక్కడే, మొహం మీదే చెప్పాలి, బయటికొచ్చాక చెవులు కొరుక్కోకూడదు. దానికి క్రాబ్ క్లబ్ అని పేరు, క్రాబ్ అంటే పీత, సణుగుడికి కూడా వాళ్లదే మాట వాడతారు. చీఫ్‌ని కూడా అనొచ్చా అని అడిగాడు నాన్న. అనొచ్చు అన్నాను. కానిస్టేబులు? కానిస్టేబులే. "అని, మర్నాడు అదే స్టేషన్లో ఉంటాడా?" ఉంటాడన్నాను. నేనేదో పుక్కిటి పురాణం చెప్తున్నట్టు చూశాడు నావైపు. ఆయన మొదటి సస్పెన్షన్ ఒక పెద్ద అధికారి ఇంటికి పాలప్యాకెట్లు తెచ్చే విషయంలో అన్న ఒక్క మాటకి వచ్చింది, ఏ మాటన్నాడో ఇప్పటికీ మాకు చెప్పడు, అమ్మకి తెలుసు.

లై డిటెక్టరు పుట్టింది కూడా ఈ ఊరి పోలీస్ స్టేషన్లోనే. జాన్ లార్సన్ అనే కానిస్టేబుల్, శరీరధర్మ శాస్త్రంలో పీహెచ్‌డీ (అవును, కానిస్టేబుల్, పీహెచ్‌డీ), 1921లో రక్తపోటునీ ఊపిరినీ ఒకేసారి పొగపట్టించిన కాగితం మీద గీతలుగా గీసే యంత్రం తయారు చేశాడు. మొదటి కేసు అమ్మాయిల హాస్టల్లో దొంగతనం: పట్టు లోదుస్తులు, డబ్బు, ఖరీదైన ఉంగరం. హాస్టల్ అమ్మాయిల్ని వరసగా కూర్చోబెట్టి అడిగారు, ఒకమ్మాయి దగ్గర గీత అడ్డదిడ్డంగా పోయింది, తర్వాత ఒప్పేసుకుంది. ఉంగరం పోగొట్టుకున్న అమ్మాయిని లార్సన్ పెళ్లి చేసుకున్నాడు! వోల్మర్ ఆ యంత్రాన్ని ప్రోత్సహించింది థర్డ్ డిగ్రీ మానిపించడానికి. కొట్టి చెప్పించడం ఆయన స్టేషన్లో నిషేధం, ఆ రోజుల్లో అమెరికా అంతటా అదే మామూలు. కానీ యంత్రం ఆయన చేతిలో ఉండలేదు. లార్సన్ దగ్గర పనిచేసిన కీలర్ అనే కుర్రాడు దాన్ని పెట్టెలో పట్టేలా చేసి దేశమంతా తిప్పాడు, భయపెట్టి ఒప్పించడానికే అది ఎక్కువ పనికొచ్చింది. చివరికి లార్సనే దాన్ని ఫ్రాంకెన్‌స్టీన్ భూతమని తిట్టుకున్నాడు. మన సుప్రీంకోర్టు 2010లో సెల్వీ కేసులో మనిషి ఒప్పుకోకుండా లై డిటెక్టర్, నార్కో పరీక్షలు చెయ్యకూడదని చెప్పింది.

ఇక్కడ నాన్నని అడగాలనుకుని అడగని ప్రశ్న ఒకటుంది. చిన్నప్పుడు స్టేషన్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం, రాత్రిళ్లు కొన్నిసార్లు అమ్మ రేడియో సౌండ్ పెంచేది. మేం చిన్నపిల్లలం, పాటలంటే అమ్మకి ఇష్టమనుకునేవాళ్లం. లార్సన్ యంత్రం గురించి చెప్తున్నంతసేపూ నాన్న కింద రిజర్వాయరు వైపే చూస్తూ ఉన్నాడు. నేనూ ముందుకెళ్లిపోయాను.

వోల్మర్‌ని దేవుణ్ని చెయ్యడం నాకిష్టం లేదు. మొదట్లో ఆయన పేరు తెచ్చుకున్నదే చైనావాళ్ల జూదం ఇళ్లూ నల్లమందు అడ్డాల మీద దాడులతో. ఫిలిప్పీన్స్‌లో ఆక్రమణ సైన్యంగా నేర్చుకున్న గస్తీ పద్ధతుల్నే ఊళ్లోకి తెచ్చాడని, జనాన్ని చూసే చూపు కూడా దానితోపాటే వచ్చిందని ఇప్పటి చరిత్రకారులు కొందరు అంటారు, ఆ మాట తోసిపుచ్చలేం. అదే మనిషి పెద్దయ్యాక ఉరిశిక్ష వద్దన్నాడు, మత్తుమందుకి బానిసైనవాడు డాక్టరు దగ్గరికి పోవాలి కానీ జైలుకి కాదన్నాడు. 1955 నవంబర్ 4న, పార్కిన్సన్స్ జబ్బు, క్యాన్సర్ ముదిరాక, బర్క్‌లీలో తన ఇంట్లోనే తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు.

ఆ తర్వాత తొమ్మిదేళ్లకే ఆ ఊరు వేరే రకంగా వార్తల్లోకెక్కింది. 1964 అక్టోబర్ 1న యూనివర్సిటీలో జాక్ వైన్‌బర్గ్ అనే అతన్ని అరెస్టు చేసి కారులో కూర్చోబెడితే, విద్యార్థులు కారు చుట్టూ కూర్చుండిపోయారు. 32 గంటలు కారు కదల్లేదు. ఉపన్యాసాలన్నీ ఆ కారు పైకప్పు మీద నుంచే. మారియో సావియో ఎక్కేముందు బూట్లు విప్పాడు. "బూట్లు విప్పాడా? మంచివాడే" అన్నాడు నాన్న, మనస్ఫూర్తిగా. 1969 మే 15న, యూనివర్సిటీ స్థలంలో జనం వేసుకున్న పీపుల్స్ పార్క్ అనే తోట దగ్గర మాత్రం ఇలాంటి మర్యాదలేం లేవు. బయటి నుంచి వచ్చిన షెరీఫ్ మనుషులు జనం మీద తుపాకులు పేల్చారు, మేడ మీద ఉన్న జేమ్స్ రెక్టర్ గాయపడి నాలుగు రోజులకి చనిపోయాడు, ఒకతని చూపు పోయింది. ఆ గాయం మీదే 1973లో ఊరివాళ్లు ఓటేసి పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి పౌరుల కమిషన్ పెట్టుకున్నారు, అమెరికాలో అలాంటివాటిలో తొలినాటిది. యూనివర్సిటీలో వోల్మర్ వేసిన విత్తనంతో వచ్చిన క్రిమినాలజీ స్కూలుని 1976లో మూసేశారు.

దిగి వచ్చేటప్పటికి సాయంత్రమైంది. సెంటర్ స్ట్రీట్ దగ్గర బార్ట్ రైలు ఎక్కేముందు కాఫీ తాగుదామని ఆగాం. నాన్న కూడలిలో నిలబడి నాలుగువైపులా తల పైకెత్తి చూశాడు, ట్రాఫిక్ సిగ్నల్ తప్ప ఏమీ లేదు. "దీపం ఎక్కడుండేది?" అన్నాడు. ఇలాంటి మూలల్లోనే, ఎప్పుడో తీసేశారన్నాను.

"అది వెలిగిందని వీడు చూడాలిగా?"

చూస్తాడు కదా, ఎర్ర దీపం, నడిరోడ్డు మీద, అన్నాను. నాన్న నవ్వాడు. మ్యాన్‌ప్యాక్‌లు, అదే చేతి వైర్‌లెస్ సెట్లు, వచ్చిన కొత్తలో సీఐగారు పిలిస్తే పలకాలనిపించని రోజున వాళ్లు సిగ్నల్ లేదు సార్ అని మర్నాడు ఎలా చెప్పేవాళ్లో ఒక కథ మొదలుపెట్టి, మధ్యలో ఆపి, నన్ను కాఫీ షాపులోకి తీసుకెళ్లాడు. కిటికీ పక్క టేబుల్ ఖాళీగా ఉంది. దాన్ని దాటుకుంటూ లోపలికి, గల్లా వెనక మూలకి వెళ్లి, గోడవైపు మొహం పెట్టి కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పు. ఇక్కణ్ణుంచి నీకు దీపం కనపడుతోందా?"